రేవుకు కళ తెచ్చిన మేకపోతు

సభలో అసలు మాట మింగేసి, తోరణాల గురించి గొంతు చించుకునే పెద్దమనిషీ, ఈ కథ నీకే.

ఒక ఏటి రేవుకు జంతువులు రావడం మానేశాయి. రేవును మళ్లీ కళకళలాడించాలని సభ పెట్టారు. అధ్యక్షులు మొసలిగారు. మరెవరుంటారు, రేవులో కాపురం ఆయనదే కదా.

"ఎందుకు రావడం లేదో నాకు బొత్తిగా అంతుపట్టడం లేదు" అన్నారు మొసలిగారు, పళ్లసందులు గీరుకుంటూ.

మేకపోతుకు అంతుపట్టింది. దాని తమ్ముణ్ణి మొన్న ఆ నీళ్లలోకే లాగేశారు. కానీ అధ్యక్షుల మెప్పు పోతుందేమోనని, నోటిదాకా వచ్చిన మాటను మింగి, గడ్డం సవరించుకుని లేచింది.

"ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మామిడాకుల తోరణం కడితే చాలు మావయ్యా, అందరూ విరగబడి వస్తారు."

"మీ తమ్ముడి సంగతి అడగవేం, అన్నా?" అని గొణిగింది కుందేలు.

"సభామర్యాద తెలియదా? కూర్చో" అని కసిరింది మేకపోతు.

మొసలిగారి కళ్లు చెమర్చాయి. "ఇంత మంచి సలహా ఇచ్చినవాడివి, ఆ శుభకార్యం నీ చేతుల మీదుగానే జరగాలి అల్లుడూ."

సభంతా చప్పట్లు కొట్టింది. ఇక కాదనలేక, మేకపోతు గాంభీర్యంతో అది నీళ్లలో దిగింది. తోరణానికి ఒక కొస ఈ గట్టున మిగిలింది. రెండో కొసను పట్టుకుని వెళ్లిన మేకపోతు ఆ గట్టెక్కలేదు.