పళ్ళ సందులో నూలుపోగు

కుక్క నోరు కంపు కొట్టడం మానేసింది. కుట్టుపని చేసుకునే ఆ ఇల్లాలికి భయం పట్టుకున్నది అప్పుడే.

అంతకుముందు దాని నోటి వాసనకి పక్కన కూచోలేకపోయేవారు. పళ్ళ మీద పసుపచ్చగా గార, చిగుళ్ళ వెంట ఎర్రటి వాపు. రోజూ పళ్ళు తోమకపోతే ఆ విషం రక్తంలో కలిసి గుండెదాకా పోతుందనీ, ముసలి ప్రాణం కనక మత్తిచ్చి పన్ను తీయడం కూడా కష్టమేననీ డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

ఆమె బ్రష్షు కొని తెచ్చింది. కుక్క దాన్ని కసుక్కున రెండు ముక్కలు చేసింది. ఆమె భర్త కూడా ఒకసారి ప్రయత్నించాడు. చేతికి కట్టు కట్టించుకుని వచ్చి, తన పళ్ళే తను సరిగ్గా తోముకోనని ఒప్పుకుని చేతులెత్తేశాడు.

మరి ఇప్పుడు ఈ పళ్ళు ఎవరు తోముతున్నట్టు?

"అదే తోముకుంటోందేమోలే, పోలీసు కుక్క కదా" అన్నాడు భర్త.

దాన్ని తెచ్చిచ్చింది మరిది. ఏదో ఉద్యోగం చేసి రిటైరైన కుక్క అన్నాడు. అంతకు మించి అతనికీ తెలీదు. కుక్కకి ఉద్యోగమంటే పోలీసుల్లో కాక ఇంకెక్కడని ఆమె వీధంతా అలాగే చెప్పుకుని మురిసిపోయింది. పిల్లల్లేని ఇల్లు. అది వచ్చాక మిషను చప్పుడు ఆగినప్పుడల్లా కాళ్ళ దగ్గర ఒక ఊపిరి వినబడేది. అది పోతే తను తట్టుకోలేదు.

ఒకరోజు దాని పళ్ళ సందులో తెల్లటి నూలుపోగు కనబడింది.

పొద్దస్తమానం దారాలతో బతికే మనిషి. ఆ నూలు తన ఇంటిది కాదని చూడగానే తెలిసిపోయింది. ఎవరిదో చెయ్యి రోజూ తన కుక్క నోట్లోకి వెళ్ళి వస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం మిషను ఆపకుండా తొక్కమని భర్తని కూచోబెట్టి, తను చప్పుడు కాకుండా వీధివైపు కిటికీ దగ్గర నిలబడింది.

గేటు బయట ఒక పెద్దాయన కూచుని ఉన్నాడు. కుక్క ఊచల మధ్య నుంచి మూతి బయట పెట్టి, బుద్ధిగా నోరు తెరిచింది. ఆయన వేలికి తెల్లగుడ్డ చుట్టుకుని, దాని పెదవి పైకెత్తి, ఒక్కో పన్నూ మెల్లగా రుద్దుతున్నాడు. చేస్తున్న పని వంక చూడటం లేదు. మొహం పైకెత్తి, గోడ మీదుగా ఎటో చూస్తూ, తనలో తను నవ్వుకుంటున్నాడు.

ఆమె బట్టలు కొలిచే బద్ద పట్టుకుని బయటికి ఉరికి, ఆయన మొహం మీదికి ఎత్తింది.

ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. మనిషన్నవాడు ఉలిక్కిపడాలి కదా అనుకుంటే ఆమెకి మరీ భయమేసింది.

"ఎవరు నువ్వు? నా కుక్కతో నీకేం పని?"

"కోప్పడకండమ్మా. కుడివైపు పైన, వెనక పన్ను దగ్గర చిగురు మెత్తబడింది. అక్కడ మెల్లగా రుద్దండి."

ఆమె చూపు గేటు పక్కన నేల మీద ఉన్న కట్ట మీద పడింది. పొట్టి పొట్టి గొట్టాలు, వాటిలోంచి సాగే తాడు, చివర ఉచ్చులా ఒక ముడి. కుక్కల్ని మచ్చిక చేసుకుని పట్టుకుపోయేవాడన్నమాట. ఊచల్లోంచి చెయ్యి పెట్టి, ఆ కట్టని చడీచప్పుడు లేకుండా లోపలికి లాక్కుంది.

"అమ్మా, ఇక్కడొకటి పెట్టుకున్నాను..."

"పోలీసుల్ని పిలవమంటావా?"

ఆయన లేచి, ప్రహరీగోడకి అరచెయ్యి ఆనించి, అంగుళం అంగుళం కొలుస్తున్నట్టు పెద్దరోడ్డు వైపు కదిలాడు. ఏనాడూ గొంతెత్తని కుక్క గేటు దగ్గర ఒకటే ఏడుపు.

"దూకడానికి గోడ చూసుకుంటున్నాడు" అన్నాడు మిషను వదిలి వచ్చిన భర్త.

ఆ తర్వాత ఆయన రాలేదు. కుక్క మాత్రం రోజూ ఆ వేళకి ఊచల్లోంచి మూతి పెట్టి, ఎవరూ లేని వీధిలోకి నోరు తెరుచుకుని కూచునేది. ఆ నోరు చూస్తే ఆమెకి దిగులేసేది. వేలికి గుడ్డ చుట్టుకుని దగ్గరికి వెళ్తే మూసేసుకునేది.

చివరికి దాని కుడికంటి కింద వాచింది. తిండి మానేసి మూలన పడింది. మొగుడూ పెళ్ళాం దుప్పట్లో వేసి మోసుకుపోయారు.

కుడివైపు పైన, వెనక పన్ను మొదట్లో చీము పట్టిందని చెప్పింది డాక్టరమ్మ.

"మందిస్తాను. కానీ ఇన్నాళ్ళూ దీనికి పళ్ళు తోమినవాళ్ళెవరో ప్రాణం పెట్టి తోమారు. వాళ్ళనే పిలవండి. లేకపోతే ఇది దక్కదు."

ఆమె తల దించుకుని జరిగిందంతా చెప్పింది. తన తప్పు లేదనడానికి, సంచీలోంచి ఆ ఉచ్చు తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ దాన్ని అందుకుని ఒక్కసారి విదిలించింది. గొట్టాలన్నీ టకటకా ఒకదాంట్లో ఒకటి అతుక్కుని, పొడుగాటి తెల్లకర్ర అయింది.

"ఇలాంటి కుక్కని అప్పగించేశాక మళ్ళీ కలవకూడదంటారమ్మా, కొత్త ఇంటికి అలవాటు పడదని. అందుకే చాటుగా వచ్చుంటారు" అంటూ కర్రని ఆమె చేతికిచ్చింది.

ఆ కర్ర చప్పుడుకి, దుప్పట్లో పడున్న కుక్క లేచింది. తూలుతూ వచ్చి ఆమె ఎడమకాలి పక్కన నిలబడి, ఎటు నడిపించమంటావన్నట్టు తలెత్తి చూసింది.

అన్నేళ్ళూ ఈ కుక్క కళ్ళతోనే రోడ్డు దాటిన ఆ చూపులేని పెద్దాయనని, ఆ రోజు కుక్కా లేకుండా కర్రా లేకుండా పెద్దరోడ్డు మీదికి పంపింది తనే.