నాలుగో నంబరు ట్యూబు

నాలుగో నంబరు ట్యూబులో మళ్ళీ మగవాడు కనిపించాడు.

నధీర్ కుర్చీలో కూలబడ్డాడు. కంప్యూటర్ తెర మీద నాలుగు గీతలు నేలని కరుచుకుని ఉన్నాయి. ఈ ఒక్కటే పైకి లేచింది. ఇది మూడోసారి.

వెనకనుంచి డాక్టర్ వసీలా వచ్చి నిలబడింది. ఆ పరిశోధనశాలకి ఆమే పెద్ద. యాభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు.

"ఈసారి కూడా ఉన్నాడా?" అంది మెల్లగా.

"ఉన్నాడు మేడమ్."

ఆమె ఆ గీతకేసి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. వెళ్ళిపోయింది. తిడితేనే బాగుండుననిపించింది నధీర్‌కి.

సముద్రం ఒడ్డునున్న స్ఫాక్స్ నగరంలోని ఆ శాలలో రెండేళ్ళుగా ఒకటే వెతుకులాట. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి జారతాయి. కాన్పు అయినా అవన్నీ పోవు. కొన్ని ఏళ్ళ తరబడి ఆమె ఒంట్లోనే ఉండిపోతాయి. కొడుకుల్ని కన్న నలభై మంది తల్లుల రక్తంలో మగ కణాల కోసం వెతికారు. చాలామందిలో దొరికాయి.

వాళ్ళలో మబ్రూకా అనే ముసలావిడ ఒకామె. ఇటలీకని పడవెక్కిన ఆమె కొడుకు శవంగా కూడా తిరిగి రాలేదు. ఫలితం చెప్పగానే ఆమె తన మోచేతి మడతని అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది.

"అయితే వాడు మొత్తం మునిగిపోలేదన్నమాట. నా దగ్గర కాస్త మిగిలాడు," అంది.

ఆమెకి టీ పోస్తున్న వసీలా గ్లాసు సగంలోనే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. ఆ మిగతా సగం నధీరే పోశాడు.

అయితే ఇదంతా నమ్మాలంటే పక్కన పెట్టి పోల్చడానికి పెళ్ళికాని, ఎన్నడూ కడుపు పండని ఆడవాళ్ళ రక్తం కావాలి. ఐదుగురు ఒప్పుకున్నారు. చివరి రోజున ఒకామె రానని కబురు పెట్టింది. "ఇంకొకరు దొరికార్లే," అని మేడమే ఆ ట్యూబు తెచ్చి మిగతావాటి పక్కన పెట్టింది. ట్యూబుల మీద నంబర్లే ఉంటాయి. పేర్లు మేడమ్ పుస్తకంలో ఉంటాయి.

ఆ ఐదింటి గీతలూ కిందే ఉండాలి, మగ ఆనవాలు కనిపించకూడదు. కనిపించిందంటే పని చేసేవాళ్ళ నుంచి రాలిపడిందనే అనుకుంటారు. ఒక వెంట్రుక చాలు, ఒక తుంపర చాలు. ఆ గదిలో మగవాడు నధీర్ ఒక్కడే. దొరికింది ఎంత కొంచెమంటే, అది ఎవరిదో తేల్చడానికి కూడా సరిపోదు.

"ఆ ట్యూబుకి నీ మీద మనసైనట్టుంది," అని మొదటిసారి హయాత్ నవ్వింది. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి. రెండోసారి నవ్వలేదు.

నధీర్ పెళ్ళినాటి నుంచీ పెంచుకున్న గడ్డం తీసేశాడు. రెండేసి గ్లౌజులు తొడిగాడు. ట్యూబు తెరిచేటప్పుడు ఊపిరి బిగపట్టాడు. అయినా ఆ గీత లేచింది.

సంస్థ మొత్తానికి డైరెక్టరైన తౌఫీక్ నధీర్‌ని అందరిముందూ కడిగేశాడు.

"రెండేళ్ళ పని నీ ఉమ్మి తుంపరకి కొట్టుకుపోయింది. ఇప్పుడా తల్లుల్లో కనిపించింది కొడుకులో, నువ్వో ఎవడు చెప్పాలి? మబ్రూకాని నువ్వే పిలిచి చెప్పు. అమ్మా, అది నీ కొడుకు కాదు, నా చుండ్రు అని చెప్పు."

హయాత్ తల దించుకుంది. వసీలా కిటికీలోంచి ఎటో చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం నధీర్ ఆమె గదికి వెళ్ళాడు.

"మేడమ్, ఆ నాలుగో ఆవిడ్ని ఇంకొక్కసారి రక్తం ఇవ్వమనండి. ఈసారి ఆ ట్యూబు నేను ముట్టుకోను. హయాతే తెరుస్తుంది. అప్పుడు కూడా వస్తే నా తప్పు కాదని తేలుతుంది కదా."

"ఆవిడ మళ్ళీ ఇవ్వదు."

"పోనీ ఒక్కమాట అడగండి. ఎప్పుడైనా కడుపు..." మిగతా మాట నోట్లోనే ఆగిపోయింది. పెళ్ళికాని ఆడదాన్ని ఆ ఊళ్ళో ఆ మాట అడిగేవాళ్ళు లేరు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు. "క్షమించండి మేడమ్," అన్నాడు.

"నువ్వు జాగ్రత్తగానే చేశావా నధీర్?"

"చేశాననే అనుకున్నాను. ఇప్పుడు నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నాను."

ఆమె బల్ల మీదున్న పేర్ల పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

మర్నాడు పొద్దున్న డైరెక్టర్ గదిలో రాజీనామా కాగితం సిద్ధంగా ఉంది. మబ్రూకాతో సహా నలభై మంది తల్లులకీ "పాత ఫలితాలు చెల్లవు" అని రాసిన ఉత్తరాలు దాని పక్కన దొంతరగా పేర్చి ఉన్నాయి.

"గొడవ లేకుండా వెళ్ళిపో. అప్పుడే ఇంకెక్కడైనా పని దొరుకుతుంది," అన్నాడు తౌఫీక్, కలం అందిస్తూ.

నధీర్ కలం తీసుకున్నాడు. గడ్డం లేని చెంపలు చెమటతో మెరుస్తున్నాయి.

తలుపు దగ్గర నిలబడ్డ వసీలా లోపలికి వచ్చింది. అతని చేతిలోంచి కలం లాక్కుంది.

"నాలుగో నంబరు రక్తం నాది తౌఫీక్ గారూ, అందులో మీకు కనిపిస్తున్నవాడు నా ఇరవయ్యో ఏట పుట్టి ఏడు గంటలు బతికిన నా కొడుకు."