ముప్పై మూడో డ్రమ్ము

నదిలో బల్లకట్టులాంటి పంటు మీద నిలిపిన పొక్లెయిన్ తొట్టిలో కోతల తాత బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నెత్తిన గొడుగు.

"దిగు తాతా! పనైపోయింది. పంటు ఒడ్డుకు లాగాలి," కాంట్రాక్టరు గొంతు చించుకుంటున్నాడు.

"నా డ్రమ్ములు తియ్యందే ఎలా దిగుతానయ్యా? కావాలంటే నన్ను కూడా బురదతోపాటు లారీలో పొయ్యి."

ఇంజినీరమ్మ చేతిలో, నది శుభ్రపడిందని రాసిన కాగితం ఉంది. ఫ్యాక్టరీ వదిలిన విషపు బురదను మూడు నెలలుగా నది అడుగునుంచి తోడిస్తున్నది ఆవిడే. ఆ కాగితం మీద సంతకం పడితే రేపు పొద్దుటికల్లా ఊరి కుళాయిల్లో నది నీళ్లు వస్తాయి. ట్యాంకర్ల వెంట పరిగెత్తి పరిగెత్తి ఊరు ఊరంతా డొక్కలెగరేస్తోంది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఒడ్డున చేరి ఆవిడ కలం వంకే చూస్తున్నారు.

"ఎక్కడున్నాయి తాతా ఆ డ్రమ్ములు?" అడిగింది.

"నదిలోంచి చూస్తే ఫ్యాక్టరీ పొగగొట్టం వెళ్లి నీళ్ల ట్యాంకు వెనక దాక్కుంటుందే, సరిగ్గా ఆ వరసలో. పంపుహౌస్ గొట్టానికి యాభై అడుగులు. మొత్తం ముప్పై మూడు. నీలం రంగువి."

"ఎవరు చెప్పారు?"

"వాలుగ చేప. పాపం, మీసాలు రాలిపోయాయని ఏడుస్తూ వచ్చి చెప్పింది."

ఒడ్డున ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. కిందటి వారం ఇదే ప్రశ్న అడిగితే, కప్ప కలలోకొచ్చి చెప్పిందన్నాడు. గేలానికి పడ్డ చేప తననే అవతలి ఒడ్డుకు ఈడ్చుకెళ్లి, జాలిపడి మళ్లీ ఇవతల దింపి వెళ్లిందని చెప్పుకునే మనిషి. ఆయన మాట నమ్మేదెవరు?

పంటు నడిపే సరంగు ఇంజినీరమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పోనివ్వండమ్మా. పాతికేళ్ల కిందట భార్యా, కూతురూ ఏడాది తిరక్కుండా కిడ్నీలు పాడై చనిపోయారు. అప్పట్నుంచీ ఇలా నదిని పట్టుకుని వేలాడుతున్నాడు."

"సంతకం పడెయ్యండి మేడమ్," అన్నాడు కాంట్రాక్టరు. "ఈ నదిలో ఒక్క డ్రమ్ము కూడా వెయ్యలేదని ఫ్యాక్టరీవాళ్లు రాసిచ్చారుగా!"

ఇంజినీరమ్మ తాత వంక చూసింది. నోరు కోతలు కోస్తోంది గానీ, కళ్లు పంపుహౌస్ గొట్టం మీదనుంచి కదలడం లేదు.

"అక్కడ తవ్వండి."

"మేడమ్! ఈ కోతలరాయుడి మాట పట్టుకుని..."

"రేపు ఆ నీళ్లు తాగేది నువ్వా, వాళ్లా?"

కాంట్రాక్టరు విసుక్కుంటూ పొక్లెయిన్ వైపు చెయ్యి ఊపాడు. తాత బుద్ధిగా తొట్టి దిగాడు.

మధ్యాహ్నానికి మొదటి నీలం డ్రమ్ము పైకొచ్చింది. బీటల్లోంచి నల్లగా, జిగురుగా ఏదో కారుతోంది. కంపుకి సరంగు ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు. ఇందాక నవ్విన ఆడవాళ్లు నీళ్ల అంచుదాకా వచ్చి చూశారు. పొద్దు వాలేసరికి పంటు మీద ముప్పై రెండు డ్రమ్ములు పోగుపడ్డాయి.

అక్కడితో సరి. ఆ చుట్టుపక్కల ఎంత గాలించినా తొట్టిలోకి బురద తప్ప మరేమీ రాలేదు.

"చూశారా, ఇందులోనూ ఒక కోత!" కాంట్రాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. "ఇక కానివ్వండి మేడమ్."

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసింది.

"ముప్పై రెండూ చెప్పినచోటే దొరికాయి. ముప్పై మూడోది కూడా ఉండే ఉంటుంది. అది దొరికేదాకా సంతకం లేదు. ఫ్యాక్టరీ యజమాని వచ్చి కాళ్ల మీద పడ్డా లేదు. నెల పట్టినా సరే, నది అడుగంతా జల్లెడ పట్టండి."

"ఇంకో నెలా!" ఒడ్డున ఒకామె ఖాళీ బిందెను నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ వచ్చి నీళ్ల అంచున ఆగింది.

"ఈసారి ఏ చేపనడగమంటావు తాతా?" అన్నాడు కాంట్రాక్టరు.

తాత ఆ బిందె వంకే చూస్తూ గొడుగు ముడిచాడు. ఆయన నోట చేపా రాలేదు, కప్పా రాలేదు.

"అది నదిలో లేదమ్మా, ఫ్యాక్టరీ లారీలోంచి ముప్పై రెండింటినీ ఈ చేతుల్తోనే ఇందులోకి దొర్లించి, ముప్పై మూడోది కొత్తదానిలా ఉందని ఒంపేసి, కడిగి, మా ఇంట్లో మంచినీళ్లకు పెట్టాను."