సున్నం కలిపినాయన

గద్దె పనికి మొదటి రోజు పది మంది వచ్చారు. అందులో తొమ్మిది మంది ముడిమ్యాల వాళ్లు. పదో మనిషి ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఇంటికో మనిషి పూటపని చెయ్యాలని స్వామిదాసు గడప గడపకూ తిరిగి మాట తీసుకున్నాడు. మాట ఇచ్చినంత తేలిగ్గా పార పడతారా జనం!

అది అరవైతొమ్మిది ఎండాకాలం. ప్రత్యేక తెలంగాణ కోసం పిల్లలు రోడ్డెక్కారు, కాలేజీలు మూతపడ్డాయి. పట్నంలో జరిగిన పోలీసు కాల్పుల్లో స్వామిదాసు పక్కనే అతని హాస్టల్ దోస్తు సాలోమోను కూలిపోయాడు. తన ఊరి చర్చి ముందర గద్దె కట్టి, దోస్తు పేరు చెక్కిన బండ నిలబెడితే తప్ప స్వామిదాసుకు ముద్ద దిగేలా లేదు. ఆదివారమే ముహూర్తం. మూడు రోజులే ఉన్నాయి.

సాలోమోను తండ్రి కాజీపేటలో రైల్వే పని చేస్తాడు. స్వామిదాసు ఆ మనిషిని ఎన్నడూ చూడకపోయినా హాస్టల్ పుస్తకంలో చిరునామా వెతికి, తప్పక రావాలని కార్డు రాశాడు. జవాబు లేదు.

"వస్తడు తియ్యి. కన్నతండ్రి రాకుంటడా?" అంది సారమ్మ. పనివాళ్లకు అంబలి కాచి పోసే బాధ్యత ఆమెదే.

"రావాలె అవ్వా. ఆయన కాళ్ల మీద పడి ఏడ్వాల్నని ఉన్నది నాకు."

సారమ్మ పదో మనిషి దగ్గరికి వెళ్లింది. యాభై దాటిన మనిషి. బస్సు దిగి వచ్చి, చేతిసంచీ పక్కన పెట్టి, తిన్నగా సున్నం గుంట దగ్గర కూర్చున్నాడు.

"ఏ ఊరన్నా మీది?"

ఆయన చర్చి ఎదుటి గోడ వంక చూశాడు. 'నాన్ ముల్కీలు వాపస్ పోవాలె' అని ఆంధ్రావాళ్లను ఉద్దేశించి దాని మీద తారుతో రాసి ఉంది. తన నోరు చూపించి తల అడ్డంగా ఊపాడు.

"మూగోడు గావచ్చు, పాపం" అంది సారమ్మ.

మూగవాడైనా పనివాడు. పొద్దస్తమానం సున్నం కలిపాడు. ఒక్క గులకరాయి ఉన్నా అతుకు పగులుతుందని ఉత్త చేతులతో వెతికి వెతికి ఏరాడు.

"కట్టెతోని కలుపన్నా, చేతులు కాలుతయి!" అంది సారమ్మ.

ఆయన నవ్వి మళ్లీ చేతులే పెట్టాడు. రాత్రి చర్చి అరుగు మీద పడుకుని, తెల్లారకముందే గుంట దగ్గర కూర్చునేవాడు.

మూడో రోజు, శనివారం. చెక్కడం సగంలో ఉన్న బండను గద్దె దగ్గరికి దొర్లిస్తుంటే మోకు తెగింది. ఆ పక్కనే అంబలి కుండతో సారమ్మ.

"అమ్మా, తప్పుకోండి! పక్కకి తప్పుకోండమ్మా!"

సారమ్మ ఎగిరి పక్కకు దూకింది. బండ ఇసుక మీద పడింది. కుండ ముక్కలైంది. సారమ్మ బతికింది.

అరిచింది మూగాయనే!

ఒక్కరైనా మెచ్చుకోలేదు.

"తప్పుకోండి అంటున్నడు! ఆంధ్రోడురా వీడు!" అన్నాడు మోకు పట్టిన ఎల్లేశ్. "మూడు దినాల సంది మన ముచ్చట్లు ఇంటున్నడు. సీఐడీ గావచ్చు!"

స్వామిదాసు ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఏ ఊరు నీది? చెప్పు!"

"పుట్టింది బందరు, బాబూ. కానీ..."

"కానీ లేదు గీనీ లేదు! మీ వల్లనే నా దోస్తు సచ్చిండు. నీ కొడుకైతే తెలుస్తుండె నీకు!"

ఆయన నోరు తెరిచాడు. బండ కేసి చూశాడు. ఉలి 'సాలో' దాకా వచ్చి ఆగి ఉంది. ఏమనుకున్నాడో, నోరు మూసుకున్నాడు.

"రేపు బండ నిలబెట్టేటప్పుడు దూరంగా నిలబడి చూసి పోతాను బాబూ. ఒక్కసారి."

"నడువ్!"

"నా పానం కాపాడిండు గదరా..." అన్న సారమ్మ గొంతు ఆ అరుపుల్లో ఎవరికీ వినపడలేదు. ఎల్లేశ్ సంచీ తెచ్చి ఆయన మీదికి విసిరాడు. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. వెనక్కి తిరిగి బండ కనిపించినంత దూరం చూశాడు.

మిగిలిన అక్షరాలు ఆ సాయంత్రమే చెక్కారు. ఆదివారం ఊరంతా వచ్చింది, పనికి రానివాళ్లు అందరికంటే ముందు వచ్చారు. ప్రార్థన అయింది. బండ నిలబడింది. అతుకుల్లో వెంట్రుకవాసి సందు లేదు.

పట్నం నుంచి మొయినాబాదు మీదుగా వచ్చే ఆఖరి బస్సు దాకా స్వామిదాసు రోడ్డు మీదే నిలబడ్డాడు. సాలోమోను తండ్రి దిగలేదు. స్వామిదాసుకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కొడుకు పేరు నిలబెడుతుంటే రాని తండ్రి ఏం తండ్రి?

ఆ మాట ముఖం మీదే అడగాలని నాలుగు రోజుల తర్వాత కాజీపేట వెళ్లాడు. రైల్వే క్వార్టర్‌కు తాళం. పక్కింటి అంతమ్మ బయటికి వచ్చింది.

"సాలోమోను నాయన శాంతయ్యనా? నిన్ననే ఇల్లు ఖాళీ చేసి పోయిండ్రు, బాబూ. ఏడికో ఎవరికీ చెప్పలే."

"కొడుకు కోసం మేం గద్దె కడితే ఒక్కనాడన్న రాలేదమ్మా ఆయన!"

అంతమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"రాకపోవుడేంది బాబూ? నోరు విప్పితే బందరోడని తెలిసి బండ మీద పిలగాని పేరు కొట్టేస్తరని మూగోని లెక్క మూడు దినాలు మీ గద్దెకు సున్నం కలిపి, పొక్కులెక్కిన రెండు చేతులతోని వాపస్ వచ్చిండు."