తొంభై చెరిపి యాభై

కసరత్తు కార్డు చూడగానే షుక్రీ మొహం కందగడ్డయింది.

“ఏంటి కెప్టెన్ ఇది? పోయిన వారం ఎనభై కిలోలు ఎత్తించావు. ఈ వారం యాభై రాశావు. నన్ను పైకి తీసుకెళ్తున్నావా, కిందికి దింపుతున్నావా?”

రష్వాన్ కార్డు లాక్కుని చూశాడు. మన్సూరా ఊళ్లో ఆ జిమ్ అతనిదే, కసరత్తు నేర్పే కెప్టెనూ అతనే. మూడు నెలల్లో ఒళ్లు మార్చేస్తానని గుమ్మం మీద రాయించుకున్నాడు.

తను రాసింది తొంభై. ఎవరో రబ్బరుతో చెరిపి యాభై వేశారు.

“పొరపాటులే, సరిచేస్తాను” అన్నాడు గానీ, లోపల పురుగు తొలవడం మొదలైంది.

ఈ నెలలో ఇది నాలుగో కార్డు. కాలవ అవతల కొత్తగా జిమ్ పెట్టినవాడి పనే అయ్యుంటుంది. మరి ఇంటి దొంగ ఎవరు?

మర్నాడు తెల్లవారుతూనే వచ్చి, తలుపు సందులోంచి చూశాడు.

జిమ్ ఊడ్చే ముసలి మెత్వల్లీ! చీపురు గోడకానించి, కార్డుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు.

“దొరికావు హాజీ! ఎంతిస్తున్నాడు వాడు?”

ముసలాయన ఉలిక్కిపడలేదు. “ఎవడు నాయనా?”

“నంగనాచి కబుర్లొద్దు. నా ఉప్పు తింటూ నా కిందే గొయ్యి తవ్వుతున్నావా?”

“షుక్రీ ఆరు వారాలుగా బరువు పెంచుకుంటూ పోతున్నాడు. పైగా రొట్టెల బట్టీలో పిండి బస్తాలు మోస్తాడు. ఒక్క వారం తగ్గిస్తే ఏం కరిగిపోడు. పదేళ్లు చెయ్యాల్సినవాణ్ణి పది వారాల్లో అరగదియ్యకు.”

“ఆ మాట నాతో చెప్పొచ్చుగా?”

“రెండుసార్లు చెప్పాను. నువ్వు ఫోన్లోంచి తలెత్తలేదు.”

రష్వాన్‌కి ఒళ్లు మండింది. అప్పటికే నలుగురూ పోగయ్యారు. వాళ్లందరి ముందూ ముసలాయన సంచీ లాక్కుని బోర్లించాడు. సగం తిన్న రొట్టె, ఉడకబెట్టిన చిక్కుడు గింజల డబ్బా. అంతే.

అయినా బయటికి పొమ్మన్నాడు.

రెండు నెలలు తిరక్కుండా షుక్రీ నడుం పట్టేసి మంచమెక్కాడు. ఇంకో పదకొండు మంది రావడం మానేశారు.

ఇంతకీ మానని వాళ్లెవరు?

రష్వాన్ పాత కార్డులన్నీ తీశాడు. ఏడాది దాటినా విడవకుండా వస్తున్నది పందొమ్మిది మంది. ఆ పందొమ్మిది కార్డుల వెనకా సన్నటి పెన్సిల్ రాతలు.

‘మోకాలు వాచింది. ఈ వారం నడక చాలు.’

‘రంజాన్. సగానికి తగ్గించాలి.’

‘చెల్లెలు పోయింది. ఊరికే వచ్చి కూర్చున్నా సరే, రానివ్వాలి.’

ఆ సాయంత్రమే మెత్వల్లీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

తలుపు తీసింది చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. నలభై ఏళ్లుంటాయి. భుజాలు మాత్రం ఎద్దు మూపురంలా ఉన్నాయి.

“హాజీ ఉన్నాడా? నా పేరు రష్వాన్. జిమ్ నుంచి…”

“నాన్న తంతా అనే ఊరికి వెళ్లిపోయాడు. అక్కడో జిమ్ ఊడుస్తున్నాడు. దొంగ అనిపించుకున్న చోటికి మాత్రం రాడు.”

రష్వాన్ తల దించుకున్నాడు.

“తప్పు నాదే. ఒక్క మాట చెప్పు… ఆయనకి ఇదంతా ఎవరు నేర్పారు?”

అతను కాళ్ల మీద దుప్పటి సర్దుకున్నాడు.

“నేనే” అన్నాడు. “పద్దెనిమిదో ఏట నన్ను మూడు నెలల్లో ఛాంపియన్‌ని చేసెయ్యాలని తొందరపడ్డ కెప్టెన్ మా నాన్నే.”