వీరేశం క్షేమం

“ఇంకొక్కసారి చూస్త కావ్యా,” అన్నాడు ఓంకార్.

“పొద్దుట్నుంచి పదకొండుసార్లు చూశారండి. పదకొండుసార్లూ మీ వీరేశం బతికాడు,” అంది కావ్య విసుగ్గా.

నానక్‌రామ్‌గూడలో ఏడో అంతస్తు ఆఫీసు అది. భవనాలు కట్టే కూలీలు ప్రమాదాల పాలు కాకుండా కాపాడే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నారు. కూలీ హెల్మెట్‌లో చిన్న చిప్ ఉంటుంది. అడ్డులేని అంచు దగ్గరికి మనిషి వెళ్తే హెల్మెట్ కూత పెడుతుంది. అతను వెనక్కి తగ్గినా, జాబితాలోంచి పేరు తీసేసినా ఇంటివాళ్ళ ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. సాయంత్రం ఐదింటికి దాన్ని ఒక పెద్ద సైటుకు అప్పగించాలి. ఆలోపు పరీక్ష కోసం అల్లిన ఉత్తుత్తి కూలీలందర్నీ తీసెయ్యాలి. ఆ పని కావ్యది.

అందరూ కూలీ 1, కూలీ 2 అని పెట్టి ఊరుకుంటే, ఓంకార్ మాత్రం వీరేశం అని పేరు పెట్టాడు. వయసు నలభై నాలుగు, ఎడమ చెవి సరిగా వినపడదు అని రాశాడు. ఆ చెవి కోసం కూతను రెండింతలు గట్టిగా చేయించాడు కూడా. లేని మనిషికి ఇంత ముస్తాబేమిటో కావ్యకు అర్థం కాలేదు.

తెర మీద వీరేశాన్ని చూపే చుక్క కదిలింది. ఏడో అంతస్తు, లిఫ్టు గుంత. కూత వినపడింది. చుక్క వెనక్కి తగ్గింది. బల్ల మీద ఓంకార్ ఫోను మోగింది. పరీక్షకు ఎవరి నంబరు వాళ్ళే ఇచ్చుకోవడం మామూలే గనక ఆమె పట్టించుకోలేదు. అతను మాత్రం ఆ మెసేజ్‌ను మొదటిసారి వచ్చినట్టు చదువుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. రోజంతా తెర చూస్తే అంతే మరి అనుకుంది కావ్య.

“నాలుగున్నరయిందండి. తీసెయ్యనా?”

“జర ఆగు.” కాసేపు తెర వంక చూశాడు. “సరే, నువ్వే తీసెయ్. నాతోని కాదు. నేను చాయ్ తాగొస్త.”

“మళ్ళీ మెట్ల మీదేనా? లిఫ్టుందిగా.”

“గీ బిల్డింగు కట్టేటప్పుడు ఒకాయన గా లిఫ్టు గుంతల పడ్డడు. అప్పుడు గిసుంటి కూత లేకుండె.”

ఇంత చదువుకుని ఈ భయాలేమిటో అని నవ్వుకుంది కావ్య. అతను తలవంచుకుని మెట్ల వైపు వెళ్ళాడు.

కూలీలు ఒక్కొక్కరే జాబితాలోంచి పోయారు. వీరేశం దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. లేని మనిషి కోసం బాధేమిటని తనను తానే కోప్పడి, నొక్కేసింది.

ఓంకార్ బల్ల మీద మరిచిపోయిన ఫోను వెలిగింది.

“ఓంకార్ గారూ, మీ నాన్న వీరేశం గారు ఇక ఈ సైటులో లేరు.”