సరిపోలని నెత్తురు

"నా భార్య నోట్లో ఏ పుల్లా పెట్టడానికి వీల్లేదు," అంటూ మోంజీ డాక్టర్ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టాడు.

డాక్టర్ రీమ్ చేతిలో ఉన్నది చిన్న దూది పుల్ల. కుర్చీలో కూర్చున్న నజీహా అప్పటికే నోరు తెరిచి ఉంది. ఆమె తమ్ముడు లత్ఫీ గోడకు ఆనుకుని బావ వంక కొరకొరా చూస్తున్నాడు. గోడ అవతల చలిగదిలో, సముద్రం ఒడ్డుకు తోసిన శవం ఒకటుంది. ఇటలీ చేరాలని దొంగచాటుగా పడవ ఎక్కిన కుర్రాళ్ళలో ఒకడిది. మోంజీ, నజీహాల ఒక్కగానొక్క కొడుకు ఐమన్ కూడా ఆ పడవే ఎక్కాడు.

మోంజీ బతిమాలడం మొదలుపెట్టాడు. గుర్తింపు కార్డు తీసుకున్నప్పుడు ఐమన్ వేలిముద్రలు ఇచ్చాడు కదా, వాటితో పోల్చి చూస్తే పోయేదానికి ఆడమనిషిని ఎందుకు క్షోభపెడతారని అడిగాడు. అన్నాళ్ళు ఉప్పునీళ్ళలో నానిన చేతులకు చర్మం మిగల్లేదని, ముద్రలు తీయడానికి ఆ వేళ్ళ మీద ఏమీ లేదని డాక్టర్ నెమ్మదిగా చెప్పింది. పోనీ శవాన్ని తనకు చూపించమన్నాడు. ముఖం ముఖంలా లేదని, అలాంటివి తల్లిదండ్రులకు చూపించనని ఆమె తెగేసి చెప్పింది. ఇంతకుముందు ఒక తల్లి అలాగే చూసి, ఎవరి బిడ్డనో తన కొడుకనుకుని తీసుకెళ్ళి పాతిపెట్టుకుందట.

"కళ్ళు మోసపోతాయి మోంజీ గారూ. తల్లి నెత్తురు మోసపోదు. ఈ కాస్త ఎంగిలి తడి చాలు మాకు," అంది.

"ఆవిడది బలహీనమైన గుండె. తట్టుకోలేదు."

"తట్టుకోలేనిది అక్క కాదు బావా, నువ్వు," అన్నాడు లత్ఫీ. "తుఫానులో వలలు లాగిన మొనగాడివి, దూది పుల్లకి జడుస్తున్నావు."

లత్ఫీది నోటి దురుసే గాని ఆ మాటలో అబద్ధం లేదు. మోంజీ నిజంగానే జడిసిపోయాడు. నజీహా అడ్డం పెట్టిన అతని చేతిని పట్టుకుని మెల్లగా పక్కకు తీసింది.

"జరుగయ్యా. పోతే పోయాడని తెలియాలి, ఉంటే ఉన్నాడని తెలియాలి. ఇలా రెంటికీ మధ్య నేను బతకలేను."

మోంజీ తల దించుకుని పక్కకు జరిగాడు. డాక్టర్ ఆమె బుగ్గ లోపల దూది రాసి, పుల్లను గాజు గొట్టంలో పెట్టి మూత వేసింది.

ఫలితం వచ్చేదాకా మోంజీ పడవ నీళ్ళలోకి దించలేదు. ఆ సముద్రంలో వల వేయడానికి చేతులు రాలేదు. తెల్లారగానే వెళ్ళి ఆస్పత్రి గేటు దగ్గర నిలబడేవాడు. కాపలావాళ్ళను పట్టుకుని, ఒక్కసారి లోపలికి పంపమని, కాళ్ళు మాత్రమే చూసి వస్తానని కాళ్ళావేళ్ళా పడేవాడు. పిచ్చెక్కిందనుకుని వాళ్ళు మంచినీళ్ళిచ్చి పంపేసేవాళ్ళు.

చివరికి కబురు వచ్చింది. ముగ్గురూ మళ్ళీ అదే గదిలో నిలబడ్డారు.

"సరిపోలలేదు," అంది డాక్టర్. ఆమె గొంతులోనూ సంతోషం ఉంది. "ఆ అబ్బాయి మీ అబ్బాయి కాదమ్మా."

నజీహా డాక్టర్ చేతులు రెండూ ముద్దు పెట్టుకుంది. వరండాలోకి పరుగెత్తి, పెళ్ళిలో లాగా నాలుక ఆడిస్తూ సంతోషపు కేక పెట్టింది. లత్ఫీ బావను వాటేసుకుని, తన మాటలు మనసులో పెట్టుకోవద్దని ఏడ్చేశాడు. ఐమన్ ఏ శిబిరంలోనో ఉండి ఉంటాడని, ఫోను నీళ్ళలో పడి ఉంటుందని, రేపో మాపో కబురు చేస్తాడని అక్కా తమ్ముడూ నిమిషంలో లెక్క తేల్చేశారు. నజీహా అయితే వీధంతటికీ చేపల కుస్కుసు వండి పెడతానని అక్కడికక్కడే మొక్కేసుకుంది.

మోంజీ మాత్రం ఒక్కటే అడిగాడు. ఆ కుర్రవాణ్ణి ఏం చేస్తారని. ఎవరూ రాలేదు కాబట్టి నంబరు వేసి పూడ్చేస్తారని డాక్టర్ చెప్పింది.

"నాకివ్వండి. స్నానం చేయించి నేనే సాగనంపుతాను."

ఆ ఊళ్ళో అది వింతేమీ కాదు. తన బిడ్డ క్షేమమని తెలిసినవాడు దిక్కులేని బిడ్డకు ఆఖరి స్నానం చేయించడం అక్కడ దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత. నజీహాకు మొగుడి మీద గర్వంతో కళ్ళు చెమర్చాయి. ఏ తల్లి కన్నబిడ్డో, జాగ్రత్తగా చూడమని చెప్పి పంపింది.

కాటికాపరి ఫర్హాత్ నీళ్ళు పోశాడు. మోంజీ పసివాడికి పోసినంత మెల్లగా ఒళ్ళంతా కడిగాడు. పాదాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి, వంకర తిరిగిన చిటికెన వేలిని ఎంతసేపటికీ వదల్లేదు. పరాయి బిడ్డ కోసం ఇంతలా కుమిలేవాళ్ళు కూడా ఉంటారా అని ఫర్హాత్ ఆశ్చర్యపోయాడు.

గొయ్యి కూడా మోంజీయే తవ్వాడు. అదీ దిక్కులేనివాళ్ళ చోట కాదు, ఊరి శ్మశానంలో, గోడ వారగా పేరు లేని ఒక చిన్న సమాధి పక్కన. ఇద్దరూ కలిసి మట్టి కప్పారు. అంతలో ఇంటి నుంచి నజీహా ఫోను. కుస్కుసు చల్లారిపోతోందని, త్వరగా రమ్మని. వస్తున్నానని పెట్టేశాడు.

"అంత ఖాళీ చోటుండగా ఈ ఇరుకులో, ఈ పసిగుడ్డు పక్కనే ఎందుకన్నా?" అడిగాడు ఫర్హాత్.

"ఈ పసిగుడ్డు నజీహా కన్నబిడ్డ," అన్నాడు మోంజీ, చిన్న సమాధి మీద చెయ్యి వేసి. "పురిట్లోనే పోయాడు. తను ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. కళ్ళు తెరిచేలోగా, ఆస్పత్రి మెట్ల మీద ఎవరో వదిలేసి పోయిన బిడ్డను తెచ్చి తన పక్కలో పడుకోబెట్టాను. ఇప్పుడు మనం మట్టి కప్పింది ఆ బిడ్డనే ఫర్హాత్, మా ఐమన్‌నే."